జ్వరానికీ ఆకలేస్తుంది

నిన్న చర్చిలో పాస్టరుగారు మా పైవాటా ఆంటీ గురించి మాట్లాడుతూ, "చిన్ననాటి నుంచీ భయంకరమైన వ్యాధితో పోరాడి పోరాడి అలసిపోయిన మన సహోదరి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నాకు మాత్రం ఆవిడ ముందున్న శవపెట్టెలోంచి లేచి కూర్చుని, "ఎవరయ్యా అలిసింది?" అని అడుగుతారేమోనని భయం వేసింది. అడిగి ఉండేవారే.

పోరాటం అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా అంటే వెంటనే అడ్డం పడేవారు. "పోరాటం కాదండీ, కాపురం. నాది బాల్యవివాహం. తొమ్మిదో ఏట అయిపోయింది. విడాకుల్లేవు." విన్నవాళ్ళు నవ్వాలో నవ్వకూడదో తెలియక ఇబ్బంది పడేవాళ్ళు. ఆవిడ మాత్రం వాళ్ళ ఇబ్బందిని చాలా ఇష్టంగా చూసేవారు.

పాప పడుకుంది. రేపు బడి ఉంది. నేను కూడా పడుకోవాలి. కానీ ఆ ప్రసంగంలో నాకు తెలిసిన మనిషి లేదు. అందుకని రాస్తున్నాను.

మేం రాయ్‌పూర్‌లో, దేవేంద్ర నగర్‌లో, కింది వాటాలో అద్దెకు ఉంటాం. మా వారిది ధర్సీవా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఉద్యోగం. మాది విజయనగరం. ఆవిడది రాజమండ్రి దగ్గర ఏదో పల్లె. నాన్నగారి రైల్వే ఉద్యోగంతో చిన్నప్పుడే రాయ్‌పూర్ వచ్చి, తనూ రైల్వేలోనే చేరి, రిటైరయ్యేదాకా స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్నారు. ఆ కిటికీ ఆవిడ గొంతులోంచి ఎప్పుడూ పోలేదు. ఏది అడిగినా ముందు మనవైపు చూసి, ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి, ఒక్కసారే, ఒక్క ముక్క కూడా వృథా కాకుండా చెప్పేవారు. రెండోసారి అడిగితే అదే జవాబు అదే స్వరంతో వచ్చేది. పాలబ్బాయి ఆలస్యంగా వస్తే మేడ మీద నుంచి, "క్యా భయ్యా, ఆజ్ కిత్నా లేట్?" అని వీధంతా వినబడేలా అరిచేవారు. వాడు కూడా సైకిల్ మీద నుంచే, "పంద్రా మినిట్ దీదీ!" అని స్టేషన్ మాస్టరుకి చెప్పుకున్నట్టు చెప్పేవాడు.

తెలుగువాళ్ళ సంఘం భోజనాల్లో ఆవిడ పక్కన కూర్చోవడానికి కొత్తవాళ్ళు జంకేవారు. విస్తట్లో అన్నం పడగానే సంచీలోంచి పెన్ను లాంటి సూది తీసి, కూర్చున్నచోటే చీర కొంచెం పక్కకు జరిపి, పొట్టలో పొడుచుకునేవారు. అటూ ఇటూ చూడడం, గోడ వైపు తిరగడం లేవు. ఒకసారి ఎదురుగా ఒకాయన అప్పడం నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఏం బాబూ, మీకూ ఒకటి వెయ్యనా?" అన్నారు. ఆయన అప్పడం ఆకులో పెట్టేశాడు. ఎవరైనా "పాపం" అన్నారో, వాళ్ళకి ఆ రోజు ఆవిడతో మాటలు లేనట్టే. ఆ ఒక్క మాటకీ ఆవిడకీ పడేది కాదు.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు షుగర్ అని తెలిసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని, సూదులూ మందులూ పనిమనిషి కంట పడకుండా గోధుమపిండి డబ్బా వెనక దాచడం. పసిపిల్లకు షుగరేమిటి, ఏం తినిపించావు, మీ వైపు ఎవరికుంది అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. క్లోమం బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ బొమ్మ నాకెందుకూ పనికి రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, మా వారి నోట సంగతి విని, ఆంటీ దిగి వచ్చారు. అంతవరకు మాకు మెట్ల దగ్గర పలకరింపులే. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, ఇలాంటివి ఎక్కడ దాస్తారో తెలిసినట్టు డబ్బా వెనక్కి చూసి, "ఇది వేడి ప్లేసు. మందు పాడైపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టు, తలుపు దగ్గర" అన్నారు. తరవాత నా ఎదురుగా నిలబడి, చీర పక్కకు జరిపి తన పొట్ట చూపించారు.

"చూడు. యాభై ఏళ్ళు దాటింది. ఎక్కడైనా చిల్లు కనబడుతోందా?"

యాభై ఏళ్ళు, రోజుకు ఎన్నిసార్లు అని లెక్క కట్టబోయి మధ్యలో ఆపేశాను. ఆ మనిషి ముందు అంకెలు చిన్నబోయాయి. నేను ఆవిడ పొట్ట చూడడం లేదు. ముఖం చూస్తున్నాను. ఎడమ కంట్లో చూపు సగమే ఉండేది. కాలి వేలొకటి లేదు. అయినా పమిట సర్దుకుని, పాపతో కలిసి నేల మీద కూర్చుని, బొమ్మ వంటసామాన్లలో కాఫీ కాచుకుని తాగుతున్నారు. ఈ జబ్బుతో అంత పెద్దదైన మనిషి ఉంటుందని ఆస్పత్రిలో నాకెవరూ చెప్పలేదు. అలాంటి మనిషి నా పైవాటాలోనే ఉందని అంతకంటే తెలియదు.

ఆ రోజు నుంచి అడగకుండానే ఎన్నో చెప్పారు. వాళ్ళమ్మ గాజు సిరంజిని ఇడ్లీ గిన్నెలో ఉడకబెట్టేదట. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు సీసాను కొత్త కుండలో, తడి ఇసుక మీద పెట్టి, పైన తడిగుడ్డ కప్పేవాళ్ళు. వేసవిలో ఆ కుండకు ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద. వేలి మీద రక్తం చుక్కతో తెలిసే రోజులు కావవి. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే ఆ పూట పండగ. ఇటుక రంగుకు తిరిగితే అమ్మ ముఖం కూడా అదే రంగుకు తిరిగేదట. "మా నాన్న మాత్రం రంగు చూసి సిగ్నల్ పడిందో లేదో చెప్పేవాడు. రైల్వే బుద్ధి" అని నవ్వేవారు.

పాప ఆవిడను అమ్మమ్మా అని పిలిచేది. రోజూ సాయంత్రం కిందికి వచ్చి పాపను ముద్దు పెట్టుకునేవారు. బుగ్గ మీద కాదు, నోటి దగ్గర. చాలా రోజులకు గాని నాకు తెలియలేదు, ముద్దు పెడుతూ ఊపిరి వాసన చూస్తున్నారని. అడిగితే, "రెండూ చేస్తున్నాను. నీకేమైనా కష్టమా?" అన్నారు.

ఇలాంటివి ఎన్నైనా రాయగలను. కానీ ఆవిడ అనగానే నాకు గుర్తొచ్చేది ఒకే ఒక్క రోజు. కొవిడ్ రెండోసారి వచ్చి, ఊరు ఊరంతా తలుపులు వేసుకున్న ఆ ఎండాకాలంలో ఒక రోజు.

ముందు జ్వరం ఆవిడకే వచ్చింది. పైన ఒక్కరే. చర్చిలో నర్సులున్నారు, తెలుగమ్మాయిలే. ఒకమ్మాయి రోజూ డ్యూటీ దిగాక వచ్చి చూసి వెళ్ళేది. ఆస్పత్రుల్లో మంచాల్లేవు. నేను గిన్నెలో చారు పోసి మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని. ఆవిడ తీసుకుని, కాసేపటికి మేడ మీద నుంచి దగ్గుతూ ఎంక్వైరీ గొంతుతో చెప్పేవారు. "షుగర్ మూడు వందలు దాటి నడుస్తోంది. ఇన్సులిన్ పెంచాను. దారిలో ఉంది, దిగుతుంది." తింటున్నది గ్లాసు చారు. వేసుకుంటున్నది మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్. నాకు అర్థమయ్యేది కాదు. అడగడానికి అది సమయమూ కాదు.

తరవాత మా ఇంట్లో అందరికీ గొంతు పట్టుకుంది. మా అత్తయ్య అప్పటికే మా ఇంట్లో ఉన్నారు. చుట్టపుచూపుగా వచ్చి, రైళ్ళు లేక చిక్కుకుపోయారు. మాకు పెద్దగా ఏమీ కాలేదు. పాపకు మాత్రం ఒళ్ళు పేలిపోయే జ్వరం. అప్పటికి దానికి ఆరేళ్ళు. పొద్దున్న పాలు తాగి కక్కేసింది. ఇడ్లీ ముక్క నోట్లో పెడితే ఉమ్మేసింది. మంచినీళ్ళు కూడా నిలవలేదు.

నేను సూది పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. అత్తయ్య గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏటమ్మా, నీకేటైనా మతి పోనాదా? గుంట గింజ ముట్టనేదు. కాళీ కడుపు మీద సూదేటి? సూదేస్తే షుగరు దిగిపోద్ది, అదీ పోద్ది. జొరం వొస్తే రెండు పూటలు లంఖణం పెట్టాల. అదే దిగుతాది. అయిదుగుర్ని అలాగే పెంచినాను, ఒక్కరికేటైనా అయ్యిందా?"

మా ఇళ్ళల్లో జ్వరమొస్తే అంతే. అన్నం బందు. ఒళ్ళు చల్లబడ్డాక పథ్యం పెడతారు. నేనూ అలాగే పెరిగాను. పైగా అత్తయ్య అన్నది నాకు తప్పుగా కూడా అనిపించలేదు. తినని పిల్లకు ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుందని ఆస్పత్రిలో పదే పదే భయపెట్టి పంపారు. వేసినా పోతుందేమో, వెయ్యకపోయినా పోతుందేమో. పిల్లల డాక్టరుగారి ఫోను ఎంతకీ కలవడం లేదు. మా వారు ఇంకో ఫోనుతో తిప్పుతూనే ఉన్నారు.

పెరట్లోకి వెళ్ళి పైకి చూశాను. అంతే, పిలవను కూడా లేదు. కిటికీలో ఆవిడ ముఖం కనబడింది.

"సూది వేశావా?"

"లేదాంటీ. ఏమీ తినలేదు. అత్తయ్య..."

"ఆగు, వస్తున్నా."

"మీరెలా వస్తారు? మీకు..."

"నాకూ అదే, మీకూ అదే. ఇప్పుడు మనందరిదీ ఒకటే పార్టీ. ఇంకెవరికి భయం?"

మెట్ల మీద కూర్చుంటూ దిగారు. ఒక మెట్టు దిగడం, కూర్చోవడం, ఊపిరి తీసుకోవడం. ఎదురెళ్ళి పట్టుకోబోతే చెయ్యి విదిలించి, "ముందు పాప ఉచ్చ పట్టు, గిన్నెలో" అన్నారు. లోపలికి వచ్చేసరికి ఆవిడ పెదాలు తెల్లగా పాలిపోయాయి. మంచం అంచున కూర్చుని, పాప నోటి దగ్గర ముఖం పెట్టారు. ఆ పూట ముద్దు పెట్టలేదు. సంచీలోంచి కాగితపు పట్టీ ఒకటి తీసి గిన్నెలో ముంచారు. కాసేపటికి అది లేత ఊదారంగుకు తిరిగింది. వేలు గుచ్చి షుగర్ చూశారు. ఏమీ తినని పిల్లకు మూడు వందల పైన ఉంది.

అత్తయ్య మీటరు వైపు చూసి, "ఏటిది? కడుపులో ఏటీ లేదు కదా?" అన్నారు.

"వదిన గారూ, పిల్ల తినడం మానేస్తే జ్వరం కూడా మానేస్తుందా? దానికి మనకంటే ఆకలెక్కువ. ఒళ్ళే దాని కోసం లోపల చక్కెర వండి పెడుతుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ చక్కెర ఎవరికీ అక్కరకు రాదు. అప్పుడు ఒంట్లో కొవ్వు తగలబెట్టుకుంటుంది. ఆ పొగే ఇది. ఇలా రండి, వాసన చూడండి."

అత్తయ్య వంగి చూసి తల వెనక్కి తీసుకున్నారు. "అమ్మో! ముగ్గిపోయిన అనాసపండు కంపు."

"అదే. మీ ముక్కు మంచిది."

"మరి సూదేస్తే షుగరు పడిపోదా?"

"పడిపోకుండా చూడ్డానికి మీరున్నారు కదా. కాసేపటికోసారి చూస్తాం. తగ్గుతుంటే పంచదార నీళ్ళు, లేకపోతే ఉప్పేసిన గంజి తేట. చెంచా చెంచా. కక్కితే కాసేపాగి మళ్ళీ చెంచా. అయిదుగుర్ని పెంచిన చెయ్యి, నాకంటే మీకే బాగా వచ్చు."

అత్తయ్య ఇంకా కదల్లేదు. అప్పుడు ఆంటీ గొంతు తగ్గించి చెప్పారు, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా.

"నాకు పదేళ్ళప్పుడు ఇలాగే ఫ్లూ వచ్చింది. మా అమ్మ ఉపవాస ప్రార్థన పెట్టింది. ఇంటిల్లిపాదీ పస్తు. తినడం లేదు కదా అని నా సూది కూడా ఆపేసింది. కళ్ళు తెరిచేసరికి మిషను ఆస్పత్రిలో ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో నాకిప్పటికీ తెలీదు. మా అమ్మ ప్రేమతోనే చేసింది, వదిన గారూ. ప్రేమ సరిపోలేదు. ఇన్సులిన్ కావాల్సొచ్చింది."

అత్తయ్య పమిట నడుముకు చుట్టుకుని గంజి కాచడానికి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారి ఫోను కలిసింది. మా వారు "నమస్తే డాక్టర్ సాబ్, హమారీ బేటీ..." అంటూ తడబడుతుంటే ఆంటీ ఫోను లాక్కున్నారు. దగ్గు ఎక్కడికి పోయిందో, ఎంక్వైరీ కిటికీ తెరుచుకుంది. "బచ్చీ ఛే సాల్ కీ, టైప్ వన్, కోవిడ్. సుబహ్ సే ఉల్టీ. కీటోన్ ఆ గయా హై. డోస్ బోలియే." వయసు, జబ్బు, పొద్దుటి నుంచి వాంతులు, పట్టీలో ఊదారంగు, డోసు ఎంత. ఏడుపు లేదు, ఉపోద్ఘాతం లేదు. ఆయన కూడా అంతే సూటిగా ఏ సూది ఎంత వెయ్యాలో చెప్పి, వాంతులు ఆగకపోయినా, ఊపిరి తీరు మారినా వెంటనే తీసుకురమ్మన్నారు. డోసు ఆవిడ ఒకసారి గట్టిగా చదివి వినిపించారు. ఆయన సరే అన్నాకే సూది నా చేతికిచ్చారు. "నువ్వే వెయ్యి. నీ చేతికి అలవాటు పోకూడదు."

వేశాను.

మధ్యాహ్నమంతా మా ముందుగది ఒక వార్డులా ఉంది. ఒక మంచం మీద పాప, దాని పక్కనే దిండుకు ఆనుకుని ఆంటీ. ఒకే జబ్బు, ఒకే జ్వరం, ఒకే మీటరు. పాప వేలు గుచ్చాక తన వేలు గుచ్చుకునేవారు. తన అంకె చూసి పెదవి విరిచి, తన సూది తను వేసుకునేవారు. అత్తయ్య ఒక చెంచా మనవరాలికి, ఒక గ్లాసు ఆవిడకు పోసేవారు.

"తాగు వదినా. నువ్వు పడిపోతే ఈ గుంటకి చెప్పేవోళ్ళెవులు?"

"నేను పడను. మీ గంజిలో ఉప్పెక్కువైంది."

"మా ఊళ్ళో ఇంతే ఏస్తాం. మీ గోదారోళ్ళకి అన్నీ తియ్యగుండాల."

"ఆ తీపే కదండీ మా కొంప ముంచింది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆంటీకి దగ్గొచ్చింది, చాలాసేపు ఆగలేదు. పాప కళ్ళు తెరవకుండానే, "అమ్మమ్మా, నెమ్మదిగా" అంది. నాకు ఇల్లు నిలబడుతుందన్న ధైర్యం వచ్చింది. షుగర్ కూడా కొంచెం కొంచెం దిగుతోంది.

కానీ వాంతులు ఆగలేదు. ఇంకోసారి పట్టీ ముంచితే పొద్దుటి కంటే ముదురు ఊదారంగు వచ్చింది. ఆంటీ ఆ పట్టీని ఎక్కువసేపు చూడలేదు. పక్కన పెట్టి, పాప వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని విన్నారు. పాప ఊపిరి మారింది. జ్వరంలో పిల్లలు తీసే పైపై ఊపిరి కాదు. లోతైన బావిలోంచి తోడినట్టు, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా.

ఆవిడ కళ్ళు తెరిచి, "బండి తియ్యమను మీ ఆయన్ని" అన్నారు.

ఆ రోజుల్లో ఆస్పత్రి అంటే నాకు లోపలికి వెళ్ళే దారొక్కటే కనబడేది. మా వీధిలోంచి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు గుర్తుకు రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆంటీ, మీరున్నారుగా. షుగర్ దిగుతోందిగా. ఇంకొకసారి సూది వేసి చూద్దాం. ఇక్కడే చేద్దాం. మీకు అన్నీ తెలుసు."

"నాకు తెలిసింది ఇక్కడిదాకానే" అన్నారు. "షుగర్ దిగినా పొగ ఆగలేదు. నోటితో తాగించిన నీళ్ళు నిలవడం లేదు. ఇక నరంలోంచే వెళ్ళాలి, పక్కన కూర్చుని రక్తం చూస్తూ ఎక్కించాలి. అది నా దగ్గర లేదు. నేను చెయ్యగలనని నువ్వనుకుంటున్నావు, నాకు గర్వంగానే ఉంది. లే అమ్మాయ్. లే."

ఇంతకాలం తనతో కాపురం చేసిన జబ్బును ఇంత బాగా ఎరిగిన మనిషి, నాకింక తెలియదు అని అంత తేలిగ్గా చెప్పగలగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఇంకొక గంట నన్ను ఆ ఇంట్లో ఉంచడానికి ఆవిడ ఊఁ అంటే చాలు. అనలేదు.

మా వారు బండి తీశారు. మధ్యలో పాప, వెనక నేను. డాక్టరుగారికి వస్తున్నామని ఫోను చేసి చెప్పింది కూడా ఆవిడే. గేటు దాటుతూ వెనక్కి చూశాను. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక చేత్తో మమ్మల్ని పొమ్మంటున్నారు. రెండో చేత్తో తన పొట్టలో సూది పొడుచుకుంటున్నారు. పక్కన అత్తయ్య ఆవిడ భుజం పట్టుకుని ఉన్నారు.

పాపకు మంచం దొరికింది. ఒళ్ళంతా ఆమ్లమైపోయింది, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరుగారు చెప్పారు. పొద్దున ఆ సూది వెయ్యకుండా ఆపి ఉంటే పాప ప్రాణాలతో ఇక్కడిదాకా వచ్చేది కాదని కూడా అన్నారు. సెలైన్, దానితోపాటు చుక్క చుక్కగా ఇన్సులిన్. మర్నాటికి ఊపిరి తేలికపడింది. ఆ పై రోజు కళ్ళు తెరిచి పెరుగన్నం అడిగింది. నేను ఇంటికి ఫోను చేశాను. అత్తయ్య ఎత్తారు. పాప సంగతి చెప్పాను. తరవాత ముక్కు ఎగబీలుస్తూ, "మీ ఆంటీకి ఆ నర్సమ్మాయి సిలిండరు తెచ్చి పెట్టినాది. గొట్టం ముక్కులో ఎట్టుకుని కూడా నాతో దెబ్బలాడతాంది. చారు బాగులేదంట" అన్నారు. వెనకనుంచి బొంగురు గొంతొకటి వినిపించింది. "బాగాలేదనే చెప్పు!"

పాప ఇంటికొచ్చేనాటికి ఆవిడ ముక్కులో గొట్టం తీసేశారు. ఇద్దరూ సగమైపోయారు. పొద్దుటి ఎండలో వరండాలో చాప వేస్తే ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. అత్తయ్య ఇద్దరికీ ఒకే పళ్ళెంలో చారన్నం కలుపుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, పాప మెడ దగ్గర ఎముకలు చూస్తున్నాను.

పాప ఆంటీ వైపు తిరిగి అడిగింది.

"అమ్మమ్మా, నాకూ నీకూ ఒకటే కదా, సూదిది? మరి నేను కూడా నీ అంత ముసలిదాన్ని అవుతానా?"

అత్తయ్య చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. ఆస్పత్రిలో పక్క మంచం దగ్గరున్న ఒకావిడ, ఇలాంటి పిల్లలు ఎన్నాళ్ళుంటారులే అని నాతోనే అంది. పాప నిద్రపోతోందనుకున్నాను. అది విని, ఇన్ని రోజులు దాచుకుని, ఇప్పుడు అడగవలసిన మనిషిని అడుగుతోంది. 

ఆంటీ ముందు కోప్పడ్డారు. "ఎవరే ముసలిది?"

"నువ్వే."

"ఊఁ." పాప ప్రశ్న పూర్తయిందో లేదో చూస్తున్నట్టు కాసేపు ఆగారు. తరవాత ఎంక్వైరీ కిటికీలోంచి చెప్పినట్టు, ఒక్కసారే చెప్పారు. "అవుతావు. జుట్టంతా నెరిసిపోతుంది. పళ్ళు ఊడతాయి. చత్వారం వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుంటావు, పెట్టుకుని ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటావు. మోకాళ్ళు నొప్పులు పెడతాయి. లేచేటప్పుడు అబ్బా అంటావు, కూర్చునేటప్పుడు అమ్మా అంటావు. అప్పుడు నన్ను తిట్టుకోకు."

"ఛీ, నాకు మోకాళ్ళ నొప్పులొద్దు!"

"వద్దంటే కుదరదు. అన్నీ వస్తాయి. ఒక్కటి కూడా తప్పదు. నోరు తెరువు, ముద్ద చల్లారిపోతోంది."

పాప మొహం చిట్లించుకుని నోరు తెరిచింది. నేను గుమ్మం పట్టుకుని ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా దీవెనల్లా విన్నాను. నెరిసిన జుట్టు, ఊడిన పళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇంకా ఏమేం వస్తాయాంటీ, చెప్పండి, అని అడగాలనిపించింది.